ఈ తలుపు వద్దు

మా కోడలు విమానంలో పనిచేస్తుందని ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే మొదట్లో నేను గొంతు తగ్గించేదాన్ని. ఆ పని నాకు నచ్చలేదు. తెల్లారకముందే చక్రాల సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోవడం, ఎక్కడో హోటల్లో పడుకోవడం, తిరిగొచ్చి పట్టపగలు కర్టెన్లు వేసుకుని నిద్రపోవడం, ఇదేం సంసారమని మా అబ్బాయిని నిలదీసేదాన్ని. వాడు అడకత్తెరలో పోకచెక్క. ఇటు నన్నూ అటు పెళ్ళాన్నీ చూసి, పనుందంటూ బయటికి జారుకునేవాడు. అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో ఇద్దరమూ ఉన్నాం కాబట్టి ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు.

మావాడు విమానాల షెడ్డులో మెకానిక్. ఇంజిన్లు విప్పి బిగించే పని. వాడి పని బట్టలకు ఒక వాసన ఉండేది. నూనె వాసనే గానీ వంటింటి నూనె కాదు. తడిసిన సాక్సులు సంచిలో పెట్టి మరిచిపోతే వచ్చే కంపుకి మాడిన నూనె కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. ఆ బట్టలు మిషన్లో వేసే దగ్గరే మా ఇద్దరికీ సగం గొడవలు. "నేను ముట్టుకుంటే నా యూనిఫారానికి పట్టేస్తుంది అత్తయ్యా" అనేది కోడలు. "నీది ముక్కు, నాది కాదా?" అనేదాన్ని నేను. చివరికి ఇద్దరిలో ఎవరి కోపం ముందు చల్లారితే వాళ్ళు వేసేవాళ్ళు.

మా చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయింది. చూడ్డానికి వెళ్ళాలన్నాను. ఖాళీ ఉంటే ఉద్యోగుల ఇంటివాళ్ళకు సీటిస్తారట. సరిగ్గా మా కోడలికి డ్యూటీ ఉన్న విమానంలోనే, చిట్టచివరి వరసలో నాకు చోటు దొరికింది. ముందురోజు సాయంత్రం తను యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ నాకు పాఠం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఒక్క మాట. డ్యూటీలో ఉన్నప్పుడు సొంతవాళ్ళని పలకరించకూడదు. అది మా రూలు. నేను మిమ్మల్ని మేడమ్ అంటాను. మీరు నన్ను అమ్మాయీ అని కేకలేయకండి. విమానం ఎక్కాక నేను మీకు కోడల్ని కాను."

"ఇంట్లో మాత్రం ఎప్పుడయ్యావులే" అన్నాను.

తను ఇస్త్రీపెట్టె ఆపి పకపకా నవ్వింది. నాకు ముక్కు మీదే కోపమని దానికి తెలుసు. అందుకే నవ్వేది, నవ్వితే నేను ఇంకేమీ అనలేనని.

విమానంలో తనని చూసి నేనే గుర్తుపట్టలేదంటే నమ్మండి. ఇంట్లో జుట్టు ముడేసుకుని సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునే పిల్ల, అక్కడ నిటారుగా నిలబడి, వచ్చే ప్రతివాడి మొహమూ చూసి పలకరిస్తోంది. నా దగ్గరికొచ్చి "బెల్టు పెట్టుకోండి మేడమ్" అంది, ఎన్నడూ చూడనట్టు. నా బెల్టు వదులుగా ఉందని తనే వంగి బిగించింది. వెనకాల కాఫీలు కలుపుకునే చిన్న అర ఉంది, దాని పక్కనే వెనక తలుపు. ఆ తలుపు బాధ్యత మా కోడలిది. తనతోపాటు అక్కడ సొట్టబుగ్గల పిల్ల ఒకతి ఉంది, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు.

విమానం పైకి లేచిన కాసేపటికి వాసన మొదలైంది. నా పక్క వరసలో బట్టతలాయన ఒకాయన ఎక్కీ ఎక్కగానే బూట్లు విప్పి కాళ్ళు చాపుకున్నాడు. అందరి చూపులూ ఆయన సాక్సుల మీదే. ముందు సీటావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. సొట్టబుగ్గల పిల్ల వచ్చి ఎంతో మర్యాదగా "సార్, కొంచెం బూట్లు వేసుకుంటారా?" అనడిగింది. ఆయనకి మొహం ఎర్రబడింది. "పొద్దున్నే ఉతికినవమ్మా ఇవి! కావాలంటే చూడు!" అని కాలెత్తి చూపించబోయాడు. చుట్టుపక్కలవాళ్ళం నవ్వాం. నేనూ నవ్వాను.

బూట్లు వేసుకున్నా వాసన పోలేదు. అయితే బాత్రూమే అయుంటుందనుకుని ఆ పిల్ల కాఫీపొడి పొట్లం ఒకటి చించి లోపల వేలాడదీసింది. అది వాళ్ళ చిట్కా. బాత్రూము కంపు కొడితే ప్రయాణికులు సణక్కముందే కాఫీపొడి పెట్టేస్తారట, కంపంతా అది లాగేస్తుందని. ఆ చిట్కా నేర్పింది మా కోడలే. కాసేపు కాఫీ వాసన గుప్పుమంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఏం పీలుస్తున్నారో ఎవరికీ తెలియదు.

మా కోడలు ముందు వైపు నుంచి ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వెనక్కి వచ్చింది. నా సీటు దగ్గరికి వచ్చి ఆగింది. ముక్కుపుటాలు అదిరాయి. కాఫీ వెనకాల దాక్కున్న ఆ రెండో వాసన నాకూ అప్పుడే తెలిసింది. తల ఎత్తాను. తను నా వైపే చూస్తోంది. ఒకే వాషింగ్ మిషన్ ముందు నిలబడి ఇన్నాళ్ళూ పోట్లాడుకున్న ఇద్దరం మేము. మా అబ్బాయి బట్టల వాసన ఆ విమానంలో మా ఇద్దరికి తప్ప ఎవరికి తెలుస్తుంది? నేను నోరు తెరిచేలోపే తను ట్రాలీకి బ్రేకు వేసి, గోడకున్న ఫోను అందుకుంది.

"కెప్టెన్, వెనక వైపు ఇంజిన్ నూనె వాసన వస్తోంది. బాత్రూము కాదు, సాక్సులు కాదు. నాకు బాగా తెలిసిన వాసన. మాస్కులు పెట్టుకోండి." అంతే అంది. గొంతులో వణుకు లేదు.

తర్వాత మా అబ్బాయి చెప్పాడు. మనం లోపల పీల్చే గాలి ఇంజిన్ లోంచే వస్తుందట. ఎక్కడో ఒక సీలు అరిగితే వేడినూనె ఆవిరి ఆ గాలిలో కలుస్తుంది. కంటికి కనబడదు, పొగ రాదు, మంట రాదు. అప్పట్లో నాకవేమీ తెలియదు. తల దిమ్మెక్కడం, నాలిక మీద ఇనుప రుచి తగలడం మాత్రం తెలిసింది.

దగ్గర్లో ఉన్న విమానాశ్రయంలో దిగుతున్నామని కెప్టెన్ గొంతు వినబడింది. మాస్కు లోంచి మాట్లాడుతున్నాడేమో, మాట మాటకీ గాలి బుస వినిపించింది. దాంతో గోల మొదలైంది. "మాకు మాస్కులు వదలరేంటి?" అని బట్టతలాయన లేచి నిలబడ్డాడు. మా కోడలు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "సార్, మీ నెత్తి మీది మాస్కులోకి వచ్చేది కూడా సగం ఈ గాలే. దానివల్ల లాభం లేదు. ఈ తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోండి. ముందుకి నడవండి, అక్కడ నయం" అని నీళ్ళల్లో ముంచిన గుడ్డలు పంచుతూ వెనక వరసలన్నీ ఖాళీ చేయించింది. ఒక ముసలాయన ఆయాసపడుతుంటే వెనకున్న రెండే రెండు ఆక్సిజన్ సిలిండర్లలో ఒకటి ఆయనకి తగిలించింది. ఇంతలో సొట్టబుగ్గల పిల్ల గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. రెండోది ఆ పిల్ల మొహానికి పెట్టి, ఇద్దరు మగవాళ్ళ చేత ముందుకి మోయించింది.

నేను కదల్లేదు. "మేడమ్, మీరు కూడా ముందుకి" అంది.

"మరి నువ్వో?"

"ఈ తలుపు దగ్గర ఒకరుండాలి మేడమ్. దిగేటప్పుడు ఏమైనా అయితే తియ్యాలి కదా. వెళ్ళండి."

వెళ్ళాను. నడవలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. తలుపు పక్కన మడత సీటులో బెల్టు బిగించుకుని, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుని, ఒక్కతే కూర్చుంది. చుట్టూ ఖాళీ సీట్లు. విమానం కిందికి దిగుతున్నప్పుడు వాసన ఇంకా ఎక్కువైంది. ముందున్న నాకే కడుపులో తిప్పేసింది. వెనకున్న పిల్ల సంగతి తలుచుకుంటే నా గుండెల్లో రాయి పడింది. దేవుడా దాన్ని దించు, ఇంక బట్టల గొడవ పెట్టుకోను అని మొక్కుకున్నాను.

దిగాం. మెట్లు వేశారు. అందరూ క్షేమంగా, సణుక్కుంటూ దిగారు. బట్టతలాయనకి వేరే విమానం తప్పిపోయిందట, ఎవరి మీదో అరుస్తున్నాడు. మా కోడలు అందరికన్నా ఆఖరున దిగి నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"మీరు ఎవరితో వచ్చారు మేడమ్?" అంది.

నాకు ఒళ్ళు మండింది. విమానం దిగాక కూడా ఈ రూలేంటి, చచ్చి బతికొచ్చాం, ఇప్పుడైనా అత్తయ్యా అనొచ్చుగా అనుకున్నాను. "చాల్లే ఆ మర్యాదలు, పద" అన్నాను. తను కదల్లేదు. నవ్వు మొహంతోనే మళ్ళీ అడిగింది. "మీతో ఎవరూ రాలేదా మేడమ్? ఇంటికి ఫోన్ చెయ్యమంటారా?" అప్పుడు దాని కళ్ళల్లోకి చూశాను. రూలు కాదు. దానికి నేనెవరో తెలియడం లేదు.

ఆ ఊరి ఆసుపత్రిలో మరునాటికి నన్ను గుర్తుపట్టింది. అత్తయ్యా అని పిలిచింది. ఆ పిలుపుకి నేను మంచం పట్టుకుని ఏడ్చాను. అంతటితో గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. రక్తపరీక్ష చెయ్యడానికి ఆసుపత్రివాళ్ళకి తీరిక దొరికేసరికే ఆలస్యమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చేసి, ఏమీ కనబడలేదన్నారు. కంపెనీవాళ్ళు విమానం పరీక్షించి, గాలి శుభ్రంగా ఉందన్నారు. ఒక డాక్టరైతే "భయపడి ఉంటారమ్మా, భయానికి ఇలా అవుతుంది" అన్నాడు. "భయపడినవాళ్ళందరం బాగానే ఉన్నాం నాయనా, భయపడనిది ఇదొక్కతే" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మందులు రాశాడు.

సొట్టబుగ్గల పిల్ల తేరుకుని మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి మా కోడలి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మంచి పిల్ల. అయినా దానికి దక్కిన సిలిండరు తలుచుకుని నాకు లోలోపల కుళ్ళొచ్చిందంటే అబద్ధం ఎందుకు, వచ్చింది.

ఇంట్లో కోడలు గోడలు పట్టుకుని నడిచేది. గ్లాసు ఇస్తే జారవిడిచేది. మాటలు పోయేవి. చెంచా కావాలంటే "అదీ, అదీ" అని గాల్లో వేళ్ళు తిప్పి, మాట దొరక్క కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అన్నిటికన్నా ఘోరం మా అబ్బాయి సంగతి. వాడు షెడ్డు నుంచి వస్తే చాలు, ఆ వాసనకి దానికి వాంతి అయ్యేది. వాడు అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని రావడం మొదలుపెట్టాడు. అయినా వేళ్ళ సందుల్లో, జుట్టులో ఎక్కడో మిగిలేది. కట్టుకున్న పెళ్ళాం పక్కన కూర్చోడానికి భయపడి వాడు బాల్కనీలో నిలబడి కిటికీ లోంచి మాట్లాడేవాడు.

"ఆ ఇంజిన్ మా షెడ్డుకి రాలేదమ్మా. వచ్చుంటే నేను చూసేవాణ్ణి" అని అడక్కపోయినా నాతో పదేపదే అనేవాడు. "నిన్నెవరేమన్నార్రా" అనేదాన్ని. వాడికి అది చాలేది కాదు.

ఇలా ఉండగా కంపెనీ నుంచి కబురొచ్చింది. తిరిగి విమానం ఎక్కాలంటే ఆపదలో ప్రయాణికుల్ని దింపే అత్యవసర పరీక్ష మళ్ళీ నెగ్గాలి. నెగ్గితే డ్యూటీ, తప్పితే ఇంక జన్మలో ఆకాశం లేదు, నేల మీద కుర్చీ ఉద్యోగమేదో చూస్తారట. మా అబ్బాయి "వద్దులే, ఇంట్లోనే ఉండు" అన్నాడు. కోడలు ఆ రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ ఉద్యోగం మానిపించాలని ఇన్నేళ్ళు చూసిన నేను, ఆ మొహం చూసి తట్టుకోలేకపోయాను. "ఒరేయ్, నువ్వు నోర్మూసుకో. అది వెళ్తుంది" అన్నాను.

మర్నాటి నుంచి మా వంటిల్లే విమానం. ఫ్రిజ్ తలుపు వెనక తలుపయింది. నేను కుర్చీ వేసుకుని ప్రయాణికురాలిని. పెద్ద బ్యాగుతో దూసుకొచ్చేవాడి వేషమూ నాదే, బిడ్డని ఎత్తుకున్న తల్లి వేషమూ నాదే. తను ఫ్రిజ్ ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి గొంతెత్తేది. "బెల్టులు విప్పండి! సామాను వదిలెయ్యండి! ఇటు రండి! దూకండి!" ఆ వరసలో ఎక్కడో ఒక మాట జారిపోయేది. "సామాను... సామాను..." అని ఆగిపోయేది. "వదిలెయ్యండి" అని నేను అందించేదాన్ని. మళ్ళీ మొదటి నుంచి. పొయ్యి మీద కూర మాడినా చూసేదాన్ని కాదు.

అన్నిటికన్నా కష్టమైంది మంటల పాఠం. తలుపు తెరిచేముందు దాని గాజు లోంచి బయటికి చూడాలి. మంట కనబడితే తెరవకూడదు. చేతులు అడ్డం పెట్టి "ఈ తలుపు వద్దు! ముందుకి వెళ్ళండి!" అని అరవాలి. నేను ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఫ్రిజ్ మీద పెడితే మంట అని అర్థం. ఒక్కోసారి తను డబ్బా చూసేది, చూసి కూడా తలుపు తీసేది. తీసి, లోపలున్న పెరుగు గిన్నె కేసి చూస్తూ నిలబడేది. "మంట కనిపించింది అత్తయ్యా, కానీ మంటైతే ఏం చెయ్యాలో అందలేదు" అనేది. "అందుతుంది. ఇంకోసారి" అనేదాన్ని. మెల్లమెల్లగా అందడం మొదలైంది. వరసగా కొన్నాళ్ళు ఒక్క తప్పూ లేదు. ఆ ఆనందంలో నేను పక్కింటావిడని పిలిచి మరీ గొంతెత్తి చెప్పాను, మా కోడలు విమానంలో పనిచేస్తుందని.

పరీక్ష రోజు నేనే తోడు వెళ్ళాను, నడకలో తూలడం ఇంకా పోలేదు కాబట్టి. పెద్ద షెడ్డు లాంటి హాలు. అందులో విమానం ముక్క ఒకటి కోసి తెచ్చి పెట్టినట్టుంది, సీట్లతో, తలుపులతో, ఎక్కడానికి మెట్లతో సహా. పరీక్ష పెట్టే ఆవిడ మా కోడలికి పాత పరిచయమే. మెత్తని మనిషి. ప్రయాణికులుగా కూర్చోడానికి మనుషులు తక్కువయ్యారని, బయట బెంచీ మీదున్న నన్ను కూడా పిలిచింది. నేను వెనక తలుపు పక్క సీట్లోనే కూర్చున్నాను. కోడలు యూనిఫారంలో ఉంది. అది దానికి వదులైపోయింది.

దీపాలు ఆరాయి. గంట మోగింది. మా కోడలు బెల్టు విప్పుకుని లేచింది. "బెల్టులు విప్పండి! సామాను వదిలెయ్యండి!" గొంతు ఖంగుమంది. మా వంటింట్లో ఎన్నడూ రానంత బాగా వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. తలుపు దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, గాజు లోంచి బయటికి చూసింది. బయట ఎర్రదీపం వెలుగుతోంది. దాని మొహమంతా ఎర్రగా కనబడింది.

ఆగిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. నేను వేళ్ళనే చూస్తున్నాను. అవి బిగుసుకుంటున్నాయి.

"ఈ తలుపు వద్దు" అన్నాను పళ్ళ సందున, నాకే వినబడీ వినబడనంత మెల్లగా.

వెంటనే అది వెనక్కి తిరిగి రెండు చేతులూ చాపింది. "ఈ తలుపు వద్దు! ముందుకి వెళ్ళండి! ముందుకి!" అని అరిచింది. మేమంతా లేచి ముందుకి నడిచాం. దీపాలు వెలిగాయి. పరీక్ష పెట్టే ఆవిడ చప్పట్లు కొట్టి "చాలా బాగుంది. ఇంక మిగతావి చిన్నవే" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"లేదు మేడమ్" అంది మా కోడలు. "మాట నాది కాదు. మా అత్తయ్య అందించారు."

"అబ్బే, నేను నోరే విప్పలేదండీ" అన్నాను గబగబా. "అదే అంది. దానికలా అనిపించిందేమో. మీరు రాసేసుకోండి."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కాసేపు కూర్చుని ఇంకోసారి చెయ్యండి. తొందరేం లేదు" అంది జాలిగా.

కోడలు తల అడ్డంగా ఊపి, నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు మంచులా ఉన్నాయి. "నేను తీసేసేదాన్ని అత్తయ్యా" అంది. "మీరు అనకపోతే తీసేసేదాన్ని. మిమ్మల్నందర్నీ మంటల్లోకి దూకమనేదాన్ని."

"ఇది ఉత్త దీపమే" అన్నాను. "ఇంకోసారి చెయ్యి. ఈసారి వస్తుంది. వంటింట్లో వచ్చిందిగా."

"వంటింట్లో మీరున్నారు." అది ఏడవలేదు. నేనే ఏడుస్తున్నాను. "నేను తప్పానని రాసుకోండి మేడమ్" అంది ఆవిడ వైపు తిరిగి.

ఆవిడ సరేనన్నట్టు తల ఊపి కళ్ళు తుడుచుకుంది. అందరం లేచాం. మా కోడలు మెట్ల దగ్గర తలుపు పక్కన నిలబడి, దిగేవాళ్ళందరికీ జాగ్రత్త చెప్పింది. నాకు మోచెయ్యి పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టించింది. తనూ నా వెనకే వస్తుందనుకుని నేను దిగిపోయాను. కింద నుంచి చూస్తే తను మళ్ళీ లోపలికి వెళ్తోంది. సీట్లు పట్టుకుని, తూలుతూ, ఒక్కో వరసా చూసుకుంటూ వెనక తలుపు దాకా నడిచింది. సీట్ల కిందికి కూడా వంగి చూసింది. ఎవరూ మిగల్లేదని నిశ్చయం చేసుకున్నాకే దిగింది.